మొగలిదిబ్బ ఎండుచేపలు, మా వియ్యపురాలి మూడు ప్రశ్నలు

మా వియ్యపురాలు పోయింది. తెల్లారి నేను పొయ్యి మీద పాలు పెట్టుకుంటుంటే అల్లుడు ఫోను చేశాడు. "అత్తా, అమ్మ" అన్నాడు. పాలు దించి, పొయ్యి ఆర్పి, చీర మార్చుకుని బయలుదేరాను.

ఆ సాయంత్రం మొగలిదిబ్బలో ఆవిడను సాగనంపి పలాస తిరిగి వస్తుంటే, ఆటోలో నా ఫోనుకు ఆవిడ ఫోటోయే వచ్చింది. ఏదో పెళ్ళిలో తీసింది, పక్కనున్నవాళ్ళను కత్తిరించేశారు. కింద రాత: "మొగలిదిబ్బ చేపలు మంచివని వాదించిన లైబ్రేరియన్ కిడ్నీ జబ్బుతో మృతి. ఇకనైనా మేలుకోండి." పంపింది ఒకప్పుడు నాతో పాటు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. రాత చివర దండం పెడుతున్న రెండు చేతుల బొమ్మ కూడా ఉంది.

ఆవిడది మొగలిదిబ్బ, నిజమే. లైబ్రేరియనుగా పనిచేసింది, నిజమే. కిడ్నీ జబ్బుతో పోయింది, అదీ నిజమే. ఈ మూడు నిజాలనూ కలిపి కుట్టిన దారం ఎవరిదో మాత్రం ఆ రాతలో లేదు. ఆ దారం ఎవరిదని అడగడమే చివరి రోజుల్లో మా వియ్యపురాలి పని. అడిగినందుకు ఆవిడ చావును కూడా అదే దారంతో కుట్టేశారు. అందుకని ఏడవడం కాస్త వాయిదా వేసి ఇది రాస్తున్నాను. నేను చూసినవి చూసినట్టే రాస్తాను. విన్నవి ఎవరి నోట విన్నానో చెప్పి రాస్తాను. చర్చిలో స్త్రీల సమాజం లెక్కలు రాసే చెయ్యి ఇది; ఆధారం లేని పద్దు దీనితో పడదు.

ఆవిడ పుట్టిల్లూ మెట్టిల్లూ మొగలిదిబ్బే. ఉద్దానంలో కొబ్బరితోటలు, జీడితోటలు దాటాక, మొగలిపొదల అవతల సముద్రానికి ఎదురుగా ఉండే చేపల ఊరు. మేనమామ కొడుకును చేసుకుంది; ఆయన ఎప్పుడో పోయాడు. ఆ ఊరి నుంచి డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్ల తన అక్కేనని ఆవిడ తమ్ముడు గొప్పగా చెప్పేవాడు; ఎవరూ వెతికి చూడలేదు కదా, అలా అనకని ఆవిడే అడ్డుపడేది. టెక్కలిలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసి అక్కడే రిటైరైంది. మేము పలాసలో బాప్టిస్టు సంఘం వాళ్ళం. వాళ్ళబ్బాయీ మా అమ్మాయీ ఒకే ఆఫీసులో పనిచేస్తూ, మమ్మల్ని అడగకుండానే ఒక నిర్ణయానికి వచ్చారు.

మాటలాడుకోవడానికి ఆవిడ మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజు నేను కుర్చీ చూపించి, బడి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరుతో మాట్లాడినట్టు, "మా కుటుంబం గురించి మీరేమైనా అడగాలనుకుంటే అడగండి" అన్నాను.

"మీ గురించి మిమ్మల్నడిగితే మీరేటి సెప్తారు వదినగోరూ, మంచిదే సెప్తారు. అందుకని మీకు పాలు పోసే ఆవిణ్ణి అడిగొచ్చినాను."

"ఏమంది?"

"డబ్బులు తేదీ తప్పకుండా ఇత్తాది గానీ, సెంబులో వేలు ముంచి నీళ్ళు కలిసినాయో నేదో సూసీదాకా గుమ్మం కదలనివ్వదు అన్నాది. అలాంటింటి పిల్లయితే మావోడికి సరిపోద్ది."

నాకు నవ్వు రాలేదు. ఆవిడే ఇద్దరి వంతూ నవ్వింది. పెళ్ళయిపోయింది. తరవాత కొన్నాళ్ళకు నేను ఆవిడను మీరు అనడం మానేశాను. ఆవిడ ఎప్పుడు మానేసిందో నాకు గుర్తు లేదు. కోపం వచ్చినప్పుడు మాత్రం మళ్ళీ 'వదినగోరూ' అనేది. ఆ పిలుపు వినబడితే మా అమ్మాయి వంటింట్లోకి తప్పుకునేది.

ఆవిడకు కొన్ని అలవాట్లుండేవి. పెన్సిలు ముడిలో దోపుకుని, ఇల్లంతా వెతుక్కునేది. ఏ పుస్తకం చేతికిచ్చినా చివరి పేజీల నుంచి తెరిచేది. రాసినాయన ఏయే పుస్తకాలు చూశాడో వేసిన పట్టిక ముందు చదివి, "ఈయన ఎవరి దగ్గర విన్నాడో తెలిసింది, ఇప్పుడు ఈయనేటంటాడో ఇందాం" అని మొదటి పేజీకి వచ్చేది. పట్టిక లేని పుస్తకాన్ని చదవకుండా మానేది కాదు. కాస్త దూరంగా పట్టుకుని చదివేది.

రిటైరయ్యాక జబ్బు బయటపడింది. మా వైపు క్రియాటినిన్ అన్న మాట చదువు రానివాళ్ళ నోట కూడా పలుకుతుంది. ఎందుకొస్తోందో ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు: నీళ్ళంటారు, నేలంటారు, ఎండంటారు, చేలల్లో కొట్టే మందులంటారు. పెద్ద పెద్ద వాళ్ళు వచ్చి చూస్తున్నారు. ఇదీ కారణమని తేల్చేసినట్టు నేను వినలేదు. ఆవిడా వినలేదు. అంతకు ముందే ఆవిడ తమ్ముడు అదే జబ్బుతో పోయాడు. డయాలసిస్ కోసం ఆవిడ టెక్కలి ఇల్లు వదిలి, పలాసలో కొడుకూ కోడలి దగ్గరకు, అంటే మా వెనక వీధికి వచ్చేసింది.

అప్పుడు మొదలైంది మొగలిదిబ్బ చేపల సంగతి. ఆ ఊరి ఆడవాళ్ళు నెత్తళ్ళు, సావళ్ళు ఇసుక మీద ఎండబెట్టి పలాస బజారుకు తెస్తారు. ఆవిడ తమ్ముడి భార్య కూడా మొగుడు పోయాక ఆ గంప మీదే పిల్లలను పెంచుతోంది. ఒక మధ్యాహ్నం ఆమె నిండు గంపతో నేరుగా మా అమ్మాయి వాళ్ళింటికి వచ్చి కూలబడింది.

"టెక్కలి వదినా, షావుకారు గంప దించుకోనన్నాడు. మన ఊరి సేప తింతే కిడ్నీలు పోతాయంట. ఫోన్లో రాసినారంట. నా మొగుణ్ణి నానే సంపుకున్నానని రాయనేదు, అదొక్కటే తక్కువ."

ఆవిడ పెన్సిలు ముడిలో దోపుకుంది. "పద వదినా" అంది నాతో.

షావుకారు మర్యాదస్థుడే. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"నాకేటి పగ మేడమ్? కొనీవోలు ఫోన్లు సూపిత్తన్నారు. మొగలిదిబ్బ అంతే సాలు, సెయ్యి ఎనక్కి తీసేత్తన్నారు."

"ఎవులు సెప్పినారంట?"

"అందరూ సెప్తన్నారు."

"అందరికీ పేర్లుంతాయి కదా బాబూ. ఒక్క పేరు సెప్పు."

"పేరేటమ్మా, నెట్లో ఉన్నాది. ఒక్క సోట కాదు, ఎక్కడ నొక్కినా అదే. అబద్ధవైతే అన్ని సోట్ల ఎందుకుంతాది?"

నేను ఏదో గట్టిగా అనబోయాను. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. బయటకు వచ్చాక, "వాడు మంచి ప్రశ్నే అడిగినాడు వదినా. అన్ని సోట్ల ఎందుకున్నాది? సూడాలి" అంది.

చూసింది. లైబ్రరీని కంప్యూటరులోకి ఎక్కించిన రోజుల్లో ఆవిడ కంప్యూటరుకు ప్రశ్నలు వేసి సమాచారం రాబట్టే పద్ధతి నేర్చుకుంది. ప్రపంచమంతటా నెట్లో ఉన్న పేజీలను ఎప్పటికప్పుడు పోగుచేసి, ఎవరైనా చూసుకోవచ్చని ఉంచే పెద్ద గిడ్డంగి ఒకటి ఉందట. డయాలసిస్ లేని రోజుల్లో, కొడుకు పాత కంప్యూటరు ముందు కూర్చుని, దానిలోంచి ఈ చేపల మాట ఉన్న పేజీలన్నీ లాగింది. నేను పక్కన కూర్చుని బియ్యం ఏరుతూ అడిగేదాన్ని. ఆవిడ చెప్పేది. నాకు అర్థమైనంత మీకు చెబుతాను.

ఒక పేజీ తెరిస్తే, అందులో నీలం రంగు మాట నొక్కితే ఇంకో పేజీకి పోతాం. అంటే ఈ పేజీ బాణం గీసినట్టు ఆ పేజీని చూపిస్తోంది. ఇది ఎవరిని చూపిస్తోందో ఎవరికైనా కనిపిస్తుంది. దీన్ని ఎవరెవరు చూపిస్తున్నారో మాత్రం దీని మీద ఎక్కడా ఉండదు, దీనికే తెలియదు. అది తెలియాలంటే పేజీలన్నీ ఒకచోట పోసి, బాణాలన్నీ తిరగేసి చూడాలి.

"దీనికి వల అని ఎవులు పేరెట్టినారో గానీ వలేసినోళ్ళు కాదు" అంది ఒకరోజు. "వల్లో ముడి రెండు తాళ్ళనీ పట్టుకుంతాది. ఇక్కడ ముడి ఒక పక్కే. అవతలోడికి తనని పట్టుకున్నారనే తెలీదు."

ఆవిడ ప్రశ్నలు మూడే. ఈ పేజీని చూపించేవి ఏవి? వాటిని చూపించేవి ఏవి? ఎవరినీ చూపించకుండా, ఊరికే 'తెలిసింది' అని చెప్పే పేజీలు ఏవి? ఈ మూడూ మార్చి మార్చి అడిగేది. "పేజీ తన గురించి తాను సెప్పుకునీది నాకొద్దు" అనేది. ఇంకో మాట కూడా తరచుగా అనేది: "సాలామంది సెప్తన్నారంటే సాలామంది ఇన్నారని అర్థం, అంతే."

నాకు ఆ మాట కొత్త కాదు. మా చర్చిలో సాక్ష్యాలు చెప్పే ఆదివారం ఒకావిడ లేచి తన మరదలికి జ్వరం తగ్గిన సంగతి చెబుతుంది. ఆ మరదలి తోటికోడలు లేచి అదే చెబుతుంది. వాళ్ళ పక్కింటావిడ లేచి అదే చెబుతుంది. వెనక బెంచీ వాళ్ళకు ముగ్గురికి జ్వరం తగ్గినట్టు వినబడుతుంది. అందుకని స్త్రీల సమాజంలో నేనొక నియమం పెట్టాను: నీకు జరిగింది చెప్పు, నువ్వు చూసింది చెప్పు, విన్నదైతే కూర్చో. దానివల్ల నేనంటే చాలామందికి పడదు. ఈ సంగతి చెబితే మా వియ్యపురాలు కంప్యూటరు వదిలి నా వైపు తిరిగింది.

"నాను ఇన్నాళ్ళూ కొట్టుకుంతన్న ప్రోగ్రాం నువ్వు బెంచీల మధ్య నిలబడి రాసీసినావు కదే తల్లీ" అంది.

ఆవిడ నన్ను ఇంత మెచ్చుకోవడం అదొక్కసారే.

తేలిందేమిటంటే, బజారంతా నిండిన ఆ మాట రెండే రెండు పేజీల మీద నిలబడి ఉంది. ఒకటి ఆరోగ్య సలహాలు చెప్పే పేజీ, ఒకటి వార్తల పేజీ. మిగతావన్నీ తిరిగి తిరిగి ఈ రెండింటినే చూపిస్తున్నాయి. ఆ రెండూ ఎవరిని చూపిస్తున్నాయి? అది దీన్ని, ఇది దాన్ని. అప్పులున్న ఇద్దరు ఒకరికొకరు జామీను ఉన్నట్టు. ఆవిడ అక్కడితో ఆగలేదు. గిడ్డంగిలో ఆ ఆరోగ్య పేజీ పాత నకళ్ళు తీసింది. ఇప్పుడున్న పేజీలో లేని నీలం మాట ఒకటి పాత నకలులో ఉంది. తరవాత ఎవరో దాన్ని తీసేశారు. దాన్ని నొక్కితే మూడో పేజీ ఒకటి తెరుచుకుంది.

ఊళ్ళు తిరుగుతూ అక్కడి తిండి గురించి రాసే ఒకాయన పేజీ అది. తీరం వెంట మా వైపు వచ్చి మొగలిదిబ్బలో ఒక పూట ఆగాడు. మంచి మాటలే రాశాడు. మొగలిపూల వాసన గురించి రాశాడు, మంచినీళ్ళు అడిగితే భోజనం పెట్టారని రాశాడు. తరవాత ఇలా ఉంది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఆవిడే తెలుగులో చదివి వినిపించింది: కిడ్నీ జబ్బుతో మనిషి పోయిన ఇల్లది. గుమ్మం ముందే సముద్రం ఉన్నా ఆ ఇంట్లో చేప ముట్టడం లేదు. వాళ్ళకు ఏదో తెలుసు, చెప్పడం లేదు. పక్కనే ఫోటో. అరుగు మీద విస్తరి, అన్నం, పప్పు, ఆనపకాయ కూర. వడ్డిస్తున్న చెయ్యి మణికట్టు దాకా పడింది.

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, తన కుడిచెయ్యి ఎత్తి చూసుకుంది. అప్పటికి ఆ మణికట్టు డయాలసిస్ సూదులతో ఉబ్బిపోయి ఉంది. ఫోటోలో నున్నగా ఉంది.

"ఇది నా సెయ్యే వదినా" అంది.

తమ్ముడు పోయిన తరవాతి రోజులవి. మొగలిదిబ్బలో మనిషి పోతే పెద్దదినం, అంటే పెద్దకర్మ, అయ్యేదాకా ఆ ఇంట్లోనూ, దగ్గరి చుట్టాల ఇళ్ళలోనూ నీసు ముట్టరు. తినరు, ఎండబెట్టరు, గంప ఎత్తరు. అందరికీ తెలిసిన సంగతి కనక ఎవరూ ఎవరికీ చెప్పరు. ఎండన పడి వచ్చిన అతిథిని ఖాళీ కడుపుతో పంపడం ఇష్టంలేక ఉన్నది వడ్డించారు. అతను చూసింది నిజమే. ఎందుకని అడగలేదు. ఆయన తరవాత రాసినవాళ్ళు 'ఏదో తెలుసు' అన్నదాన్ని 'ఊరివాళ్ళే ఒప్పుకున్నారు' అని రాశారు. ఆ తరవాతివాళ్ళు 'రుజువైంది' అని రాశారు. మెట్టు మెట్టుకూ ఒక అడుగే వేశారు. ఎవరికి వారు తాము పెద్దగా ఏమీ మార్చలేదనే అనుకుని ఉంటారు.

ఆవిడ ఆయనకు ఉత్తరం రాసింది. ఆనాడు మీకు వడ్డించిన మనిషిని అని మొదలుపెట్టి, జరిగింది చెప్పి, మీ పేజీ కింద ఈ ఆచారం గురించి ఒక్క వాక్యం చేర్చమని అడిగింది. ఆయన వెంటనే జవాబిచ్చాడు. ఎంతో బాధపడ్డాడు, క్షమించమన్నాడు, పేజీ మొత్తం తీసేశాడు.

"పోనీలే, తీసేశాడు కదా" అన్నాను నేను.

"పోనీలేటి వదినగోరూ." ఆ పిలుపుతో మా అమ్మాయి లోపలికి వెళ్ళిపోయింది. "తీసీమని నానడిగినానా? ఎక్కడ మొదలైనాదో సూపించడానికి ఉన్నది అదొక్కటే. ఇప్పుడు ఆ ఇద్దరు జామీనుదార్లూ మిగిలినారు. ఆలకి మొదలే నేదు. మొదలు నేనిదాన్ని ఎక్కడ పట్టుకుని నరకమంతావు?"

"గిడ్డంగిలో నకలుంది కదా."

"ఉన్నాది. గంప ముందు నిలబడ్డ మనిషికి గిడ్డంగి సూపించనా?"

ఆవిడ ఆ రెండు పేజీల వాళ్ళకూ రాసింది. జవాబు రాలేదు. తను కనుక్కున్నదంతా తెలుగులో వివరంగా రాసి నెట్లో పెట్టింది. మంచి తెలుగు, నేనే దిద్దాను. దాన్ని ఎవరు చూపిస్తున్నారో ఆ మూడు ప్రశ్నలూ వేసి చూస్తే ఎవరూ చూపించడం లేదని వచ్చింది. ఈ సంగతి నాకు నవ్వుతూనే చెప్పింది.

ఈలోగా షావుకారు ఒక దారి చెప్పాడు. గంప మీద వేరే ఊరి పేరు చెప్పుకుంటే తనకేమీ అభ్యంతరం లేదన్నాడు. మొగలిదిబ్బ ఆడవాళ్ళు మా అమ్మాయి వాళ్ళ వరండాలో కూర్చుని దీని మీద మాట్లాడుకున్నారు. ఆవిడ వద్దంది. పేరు దాచుకుంటే ఆ రాతలకు మనమే సంతకం పెట్టినట్టవుతుందంది. మరదలు గిర్రున తిరిగింది.

"నీకేటి వదినా, పింఛనొస్తాది. పేరు దాసుకోకు అంతావు. నా పిల్లలు పేరు తింతారేటి?"

ఆవిడ తల దించుకుని విన్నది. "నిజవే. అమ్ముకోండి" అంది. "నాను తప్పనను. నా గంప మట్టుకు పేరుతోటే పెడతాను."

అన్నట్టే పెట్టింది. ఆరోగ్యం బాగున్న రోజుల్లో పలాస బజారులో, కూరగాయల వరస చివర, ఒక గంప ముందు పెట్టుకుని కూర్చునేది. గోడకు ఒక చెక్క బోర్డు: 'మొగలిదిబ్బ'. ఇంకేమీ రాయించలేదు, మంచివనీ రాయలేదు, తాజావనీ రాయలేదు. పాత విద్యార్థులు అటువైపు వచ్చి, ఆవిడను గుర్తుపట్టి, గబగబా వేరే వరసలోకి పోవడం నేను చూశాను. కొందరు ఆగేవారు. "మేడమ్, మీకు కిడ్నీ జబ్బు కదా, మీరే ఇవి అమ్మడం ఏమిటి?" అని ఒకతను అడిగాడు.

"జబ్బు నాది. సేపలు మావోలవి. మజ్జిన బాణం నువ్వు గీసినావు. ఎవులు సెప్తే గీసినావో సెప్పు, ఆలింటికి ఇద్దరం ఎల్దాం."

అతను వెళ్ళిపోయాడు. ఆ రోజంతా గంపలో ఒక గుప్పెడు కూడా తగ్గలేదు. ఆవిడ సాయంత్రం దాకా కదల్లేదు.

డాక్టరు ఆవిడను ఎండుచేప తినవద్దన్నాడు. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకు ఉప్పు కూడదు. ఈ సంగతి కూడా బజారుకు చేరింది: చూశారా, డాక్టరే మాన్పించాడు అని. "జబ్బొచ్చినాక ఉప్పు మానమన్నారు. ఉప్పు తింతే జబ్బొచ్చినాదని అననేదు. బాణం ఎటున్నాదో సూసుకోవాలి కదా" అని ఆవిడ ప్రతివాడికీ ఓపిగ్గా చెప్పేది. తినకపోవడం మాత్రం ఆవిడకు కష్టంగానే ఉండేది. వంకాయలో నెత్తళ్ళు వేసి వండినప్పుడు నన్ను పిలిపించి, నా ఎదురుగా కూర్చుని, "ఎలాగున్నాది? ఉప్పు సరిపోయినాదా? తల కరకరలాడతన్నాదా?" అని అడిగి అడిగి తినిపించేది. నేను మితంగా తినే మనిషిని. ఆవిడ కోసం రెండోసారి అన్నం పెట్టించుకునేదాన్ని.

ఎవరైనా ఒకవేళ చేపల్లోనే దోషముందని నిజంగా పరీక్ష చేసి చెబితే ఏం చేస్తావని ఒకసారి అడిగాను. నాకు అడగడం అలవాటు. "ఆ రోజు గంప నానే సముద్రంలో కుమ్మరిస్తాను. ఆ పరీక్ష ఎవులు సేసినారో, ఎలాగ సేసినారో ముందు సదివి" అంది. అందుకే ఆవిడను నమ్మాను. చేపల మీద ప్రేమతో వాదించే మనిషైతే నేను పక్కన కూర్చునేదాన్ని కాదు.

చివరిసారి డయాలసిస్ మంచం మీద నా చెయ్యి పట్టుకుని ఒక పని అప్పజెప్పింది.

"ఊరంతా మా దగ్గర సుట్టాలే. నాను పోతే పెద్దదినం దాకా మావోలెవులూ గంప ఎత్తరు. ఇసక ఖాళీగా ఉంతాది. అప్పుడొస్తారు ఫోన్లు పట్టుకుని. సూసినారా, ఊరే మానీసింది అంతారు. మళ్ళీ అదే."

"మీవాళ్ళకు చెప్పి, ఈసారికి ఆచారం పక్కన పెట్టమను."

"ఎందుకు పక్కనెట్టాలి? మా ఏడుపు మాది. ఎవడో సరిగ్గా సూడనేదని మావోలు ఏడవడం మానీయాలేటి?" కాసేపు ఊపిరి తీసుకుంది. "మీకు ఈ మైల నేదు కదా. ఒక గంప మీ ఇంటికి పంపించినాను. నువ్వు కూకో."

నేను హెడ్మిస్ట్రెసుగా రిటైరైన మనిషిని. బజారులో బేరమాడడం తప్ప, బేరమాడించుకోవడం ఎరగను. అయినా సరేనన్నాను.

ఆవిడను సాగనంపిన రోజు ఇద్దరు కుర్రాళ్ళు ఖాళీ ఇసుకను ఫోనుతో తీయడం నేను చూశాను. మర్నాడు పొద్దున గంప తీసి దులిపి సిద్ధం చేస్తుంటే మా అమ్మాయి వచ్చింది. ఏడ్చి ఏడ్చి దాని ముఖం వాచిపోయి ఉంది.

"అమ్మా, అత్తయ్య పోయి ఒక్కరోజు కాలేదు. నువ్వు బజార్లో ఎండుచేపలమ్ముతావా? మన చర్చివాళ్ళు చూస్తే ఏమంటారు?"

"కొంటారేమో అడుగుతాను" అన్నాను.

అల్లుడు చేప ముట్టకూడదు. బోర్డు మాత్రం పట్టుకుని నా వెనకే నడిచి వచ్చాడు. గోడకు ఆనించి, వంకరగా ఉందేమో చూసి సరిచేసి వెళ్ళిపోయాడు.

పొద్దున్నంతా జనం బోర్డు చదివి, నా ముఖం చూసి, వెళ్ళిపోయారు. మా చర్చివాళ్ళు ముగ్గురు వచ్చారు. వాళ్ళు నన్ను పరామర్శించారు గానీ గంప వైపు చూడలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. నేను కదల్లేదు.

అప్పుడు జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామె వచ్చి గంప ముందు గొంతుక్కూర్చుంది. పిక్కలు కొట్టే చేతులు; వేళ్ళ కొసలు జీడినూనెకు నల్లబడి పగిలి ఉన్నాయి.

"ఏ ఊరివమ్మా?"

"మొగలిదిబ్బవి. బోర్డు మీద ఉంది."

"సదువుకున్నాన్లే. నీ నోట సెప్తావో, నేదో అనీసి."

నెత్తళ్ళలో ఒకటి తీసి వాసన చూసింది. రెండు వేళ్ళతో వంచింది. అది వంగలేదు, పుటుక్కున విరిగింది. విరిగిన రెండు ముక్కలనూ అరచేతిలో పెట్టుకుని నా వైపు చూసింది.

"నువ్వు తింతావేటి?"

తల ఉన్న ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాను. ఆమె రెండోది తన నోట్లో వేసుకుంది. బజారులో అందరూ చూస్తుండగా, ఆ ఎండలో, ఒకరి కళ్ళలోకి ఒకరం చూసుకుంటూ, తొందర లేకుండా నమిలాం.